రేకుల మీది సిలువ

సెప్టెంబర్ 1948, సికింద్రాబాద్. రాత్రి.

నువ్వు కాపరివా, మందను వలలోకి తోలినవాడివా? ఈ చర్చి పాస్టర్‌నైన నన్ను నేనే అడుగుతున్నాను.

నిజాం మీదికి ఇండియన్ యూనియన్ సైన్యం వస్తోందనగానే బోయిన్‌పల్లి విశ్వాసులందర్నీ చర్చిలోకి చేర్చాను. పైన సిలువ కనబడితే విమానాలు బాంబులేయకుండా వదిలేస్తాయని రేకుల మీద సున్నంతో గీయించాను.

సాయంత్రం బావమరిది ఏసోబు వచ్చాడు. విమానాల మెకానిక్. పైకి చూసి నవ్వాడు.

"బావా, ఇంగ్లీషోళ్లు మొదాల పందేలకని ఇసొంటి విమానాలు చేసిండ్రు. గెలవనీకి రెక్కలు కురుచ చేసి, ఇంజన్ పెద్దది పెట్టిండ్రు. గా దౌడు విమానమే ఇప్పుడు బాంబులు మోస్తున్నది. నీ సిలువ చూసే తీరిక నడిపేటోనికేడిది? గింత పొడుగు రేకుల షెడ్డు చూస్తే సిపాయిల బారక్ అనుకుంటడు."

బైబిలు తెరిచాను. ఒక్క మాటా ఓదార్చలేదు. ప్రార్థనకు మోకరించాను. పసిపిల్లలు నా మాట నమ్మి ఆ రేకుల కిందే పడుకున్నారు...

ఇక మోకరించింది చాలు. లే! తెల్లారకముందే అందర్నీ లేపి ఊరి బయటి బండల చాటుకు నడిపించు.