చిన్న దేశాల తరఫున

4 మార్చి 2025
కరీంనగర్ డిబేట్ టాపిక్ వచ్చింది. యూరప్‌లోని చిన్న దేశాలకు సొంత అణుబాంబు ఉండాలా? మా కాలేజీకి చీటీలో ‘ఉండాలి’ వచ్చింది. మాట్లాడేది ఫైనల్ ఇయర్ భూమిక. పొలిటికల్ సైన్స్ చెప్పేదాన్ని కాబట్టి తయారు చేయాల్సింది నేను. నాకే నమ్మకం లేని వాదన! ఎస్తోనియాకు బాంబెందుకు? నాటో లేదూ? ఒకరి మీద దాడి అంటే అందరి మీద దాడే.

మా స్టాఫ్‌రూమ్‌దీ అదే రూలు. పోయినేడు కాంట్రాక్ట్ లెక్చరర్లందరం నర్మద మేడం ఇంట్లో చాయ్ తాగి ఒట్టేసుకున్నాం, ఒక్కరిని తీసేస్తే అందరం క్లాసులు బంద్ పెట్టాలని.

7 మార్చి
రేపు సెలవని విమెన్స్ డే ఇవాళే చేశారు. కరస్పాండెంట్ పొద్దున నాకు గులాబీ ఇచ్చాడు. మధ్యాహ్నం పిలిచి, వచ్చే నెల నుంచి రావద్దన్నాడు. నా సబ్జెక్టుకు పిల్లలు తక్కువట. ఆయన బామ్మర్ది కూతురు దీపిక అదే సబ్జెక్టులో ఎం.ఏ. పూర్తి చేసింది. ఆ సంగతి చెప్పలేదు.

10 మార్చి
ఎవరూ బంద్ పెట్టలేదు. నర్మద మేడం జర ఓపిక పట్టుమంది. నిరంజన్ సార్ గ్రూపులో ఏడుపు ఎమోజీ పెట్టాడు. కోమల గ్రూపు నుంచే వెళ్లిపోయింది.

నాటో ఐదో ఆర్టికల్ మళ్లీ చదివాను. దాడి జరిగితే ప్రతి దేశమూ ‘తనకు అవసరమనిపించిన’ చర్య తీసుకుంటుందట. నిరంజన్ సార్‌కు ఎమోజీ అవసరమనిపించింది.

12 మార్చి
భూమికకు వాదన రాసిచ్చాను, ఈసారి కసిగా. ఎస్తోనియా రాజధాని టాలిన్ కోసం ఏ పెద్ద దేశమైనా తన ఊళ్లు తగలబెట్టుకుంటుందా? 1994లో ఉక్రెయిన్ తన నేల మీదున్న బాంబులు రష్యాకు అప్పజెప్పి హామీలు రాయించుకుంది. ఆ కాగితం ఏ ట్యాంకును ఆపింది? చిన్నవాడు గెలవనక్కర్లేదు. ముట్టుకుంటే చెయ్యి కాలుతుందని పెద్దవాడికి తెలిస్తే చాలు.

భూమిక చదివి, గా బాంబు పడేది పెద్దోళ్ల మీదనా, ఊర్లల్ల పోరగాండ్ల మీదనా మేడం అంది. వేయడానికి కాదమ్మా, ఉంచుకోవడానికి అన్నాను. వెయ్యరని ఎరుకైతే ఎవలు భయపడ్తరు అంది. ఆ ప్రశ్న జడ్జీలు అడక్కపోతే బాగుండు.

18 మార్చి
నాకూ ఒకటుంది. ఇంటర్నల్ మార్కులు. యూనివర్సిటీ పోర్టల్‌లో ఎక్కించాలంటే ఓటీపీ నా ఫోన్‌కే రావాలి. ఎక్కించకపోతే క్లాసు మొత్తం రిజల్ట్ ఆగిపోతుంది. శనివారం ఆఖరు. ఎక్కించలేదు, కావాలనే.

సాయంత్రం కరస్పాండెంట్ ఫోన్. ఇన్నాళ్లూ ఏం స్వరూపా అన్నవాడు, మేడం గారూ, మార్కులు జర జల్ది అన్నాడు. ఎంత హాయిగా ఉందో! చూస్తానండీ అని పెట్టేశాను. ఎస్తోనియాకు బాంబు ఉండాల్సిందే.

21 మార్చి
భూమికకు సెకండ్ ప్రైజ్. కరీంనగర్ బస్టాండ్ నుంచి ఫోన్ చేసింది. సంతోషమంతా చెప్పాక, మన మార్కులు ఎక్కలేదంట గద మేడం అంది. రిజల్ట్ ఆగితే పీజీ సీటు పోతదట. వాళ్ల బాపు పనిచేసే గని మూతపడుతున్నదట, ఇంకో ఏడాది చదివించేది కష్టమట. ఏడవలేదు. ఏడిస్తే తిట్టేదాన్ని.

తర్వాత కరస్పాండెంట్. మార్కులు ఎక్కించుండ్రి, సోమవారం వస్తే ఆర్డర్ ఇస్త అన్నాడు. ముందు ఆర్డర్ అన్నాను. నా మాట మీద నమ్మకం లేదా అని నొచ్చుకున్నాడు. లేదు. ఒక్క రవ్వ కూడా లేదు.

22 మార్చి
ఎక్కించాను. అందరివీ.

24 మార్చి
గేటు దగ్గరే ఆపారు. వాచ్‌మన్ గంగయ్య లోపలి నుంచి తాళం వేసుకుని, అందరం మీ దిక్కే ఉన్నం మేడం అన్నాడు.