ముందు గదీ, కార్డులతో సహా కంప్యూటరూ కమలాకుమారికే

జగ్గయ్యపేటలో కాపురముంటున్న పుల్లమ్మను, కీర్తిశేషులు దశరథరామయ్య గారి భార్యను, వయసు డెబ్బై ఎనిమిది, నోటితో చెప్పి రాయిస్తున్న వీలునామా. ఈ ఇంట్లో నాతో ఉండేది నా కూతురు కమలాకుమారి ఒక్కతే. కొడుకు భవానీప్రసాద్ నందిగామలో పైపుల కొట్టు పెట్టుకుని అక్కడే ఉంటున్నాడు. నాకు చదువు రాదు, మోకాళ్లు సహకరించవు. బుద్ధి మాత్రం నిక్షేపంగా ఉంది. ఎవరూ బలవంతపెట్టలేదు. నన్ను బలవంతపెట్టగలవాడు ఇంకా పుట్టలేదు.

1. ఈ ఇల్లు నా పుట్టింటివారు పసుపుకుంకుమల కింద ఇచ్చిన చందర్లపాడు చేను అమ్మి కట్టించుకున్నది. ఇందులో వెనక భాగం, పెరడు భవానీప్రసాద్‌కు.

2. రోడ్డు వైపు గది, అందులో కమల నడుపుతున్న ఇంటర్నెట్ సెంటరు, కంప్యూటరుతో సహా కమలకు.

కంప్యూటరు తనదని భవానీప్రసాద్ నలుగురిలో అంటున్నాడు గనుక వివరంగా రాయిస్తున్నాను. వైరస్ పట్టి మూలన పడ్డ పెట్టెను 2001లో అతను పారేయబోతే కమల తెచ్చుకుంది. విండోస్ తీసేసి, పత్రికతో వచ్చిన సీడీలోంచి లినక్స్ ఎక్కించింది. పెట్టె లేచింది గాని, ఫోను లైనుకు కలిపే మోడెం కార్డు ఉలకదు, సౌండు కార్డు పలకదు. వాటిని నడిపే డ్రైవర్లు లినక్సుకు లేవట. ఆ మోడెం తన పనంతా విండోస్ చేత చేయించుకునే రకమట. అత్త చేత అంట్లు తోమించే కోడలన్నమాట. అలాంటివాళ్లు నాకు తెలుసు, పేరు రాయించను.

ఇక తిరిగాం. నందిగామ, మైలవరం, బెజవాడ. కార్డు ఇంటికి తెస్తే పనిచేయదు, కొట్టువాడు వెనక్కి తీసుకోడు. పాలు పిండి చూడకుండా గేదెను తోలుకొస్తామా? పెట్టెనే దుప్పట్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. "ఇవేమన్నా పెళ్లిచూపులా మామ్మగారూ, పిల్లాణ్ణి చంకనేసుకొచ్చారు?" అన్నాడు బెజవాడ కొట్టతను. "అవునయ్యా, మీ పిల్ల మావాడితో నోరు విప్పి మాట్లాడితేనే తాంబూలాలు" అన్నాను. కమల ఒక్కో కార్డే గుచ్చి, నల్లటి తెర మీద ఏదో కొట్టి చూసేది. ఎన్నో అయ్యాక, పాత సరుకులో దొరికిన పొడుగాటి మోడెం కార్డుకు ఫోను కలిపితే కీచుమని కూత పెట్టింది. తల్లీకూతుళ్లం కొట్లోనే చప్పట్లు కొట్టాం. అంత కమ్మని కూత మళ్లీ వినలేదు.

కనుక భవానీప్రసాద్ ఇచ్చింది రేకు డొక్కు. కావాలంటే ఆ రేకు విప్పుకుని పోవచ్చు. లోపలి కార్డులు, డ్రైవర్ల సీడీలు మావి.

3. సౌండు కార్డు కుదిరాక కొన్న చిన్న స్పీకర్లు భవానీప్రసాద్ కూతురు సింధూరకు. వేసవికి వచ్చి వాటి పక్కనే పాటలు వింటూ నిద్రపోయేది. తండ్రి మీది కోపం పిల్ల మీద లేదు.

4. నా నేరేడుపండు రంగు పట్టుచీర చించి కంప్యూటరుకు ముసుగు కుట్టించాలి. ఈ ఊరి ఫ్యాక్టరీల సిమెంటు దుమ్ముకు మామూలు గుడ్డ ఆగదు.

5. నేను పోయాక మైల పేరుతో ఆ గదికి తాళం వేయకూడదు. వాళ్ల నాన్న పోయినప్పుడు మైలని ఆయన గోడౌనుకు వేసిన తాళం తాలూకు చెవి భవానీప్రసాద్ జేబులోంచి ఇంతవరకూ బయటికి రాలేదు. నన్ను తీసుకెళ్లిన పూటే కమల స్నానం చేసి సెంటరు తెరవాలి. అది ఎంసెట్ ఫలితాల రోజైతే అంతదాకా కూడా ఆగొద్దు. నన్ను అరుగు మీద ఓ వారగా పడుకోబెట్టండి. నంబర్లు చూసుకునే పిల్లలకు దారి ఉండాలి.

చదివించుకుని విన్నాను, రెండుచోట్ల దిద్దించాను, ఒప్పుకుని ముద్ర వేశాను.

జగ్గయ్యపేట, 2007 మే 9.

పుల్లమ్మ ఎడమచేతి బొటనవేలి ముద్ర

సాక్షులు: సాంబయ్య, భారతీదేవి
రాసినవారు: వరప్రసాదరావు, దస్తావేజు లేఖరి