నేను దిద్దిన పాటలు

నాన్నగారూ,

మీరు పోయాక మన బందరు బ్యాండు నిన్ననే మొదటిసారి వాయించింది, బంటుమిల్లిలో ఒక పెళ్ళికి. మీ క్లారినెట్టు బెజవాడ నుంచి వచ్చిన ఒకాయన వాయించారు. ఆయనకు మీ పాటలు రావు కాబట్టి, మీరు వాయించగా విన్నవన్నీ, కాన్వెంటులో సిస్టర్లు నేర్పిన స్వరాలు రాసే పద్ధతిలో నేనే కాగితం మీద రాసిచ్చాను.

ఒక్క తప్పూ లేదు. పెళ్ళివారు మెచ్చుకున్నారు. పెద్ద డ్రమ్ము వాయించే దానియేలు మావయ్య మాత్రం రెండో పాటకే కర్ర కింద పెట్టేశారు.

"ఏమైంది మావయ్యా?"

"మీ నాన్న చరణం ఎత్తుకోవడం ఎప్పుడూ ఆలస్యమేనమ్మా. ఆ సందులో నేను రెండు దెబ్బలు ఎక్కువేసి తిట్టేవాణ్ణి. వాడికి నవ్వొచ్చి క్లారినెట్టు కీచుమనిపించేవాడు. ఇరవై ఏళ్ళు మన బ్యాండంటే అదేగా! ఈ కొత్తాయన సందే ఇవ్వడు."

కొత్తాయన తప్పేమీ లేదు నాన్నగారూ. ఆ ఆలస్యాలూ ఆ కీచులూ పొరపాట్లనుకుని, రాసేటప్పుడు నేనే సరిచేశాను.

ఉన్నవి ఉన్నట్టు మళ్ళీ రాద్దామని పొద్దుటి నుంచి కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. ఏ పాటలో ఎక్కడ దిద్దానో గుర్తు రావడం లేదు. కళ్ళు మూసుకున్నా కొత్తాయన వాయించినట్టే వినిపిస్తోంది.