మీ కారు తలుపు మీది సొట్టలు

ఏవండీ,

మీ సంవత్సరీకం అయ్యాక మీ పాత కారుకి నేనే రంగు వేశాను. సాయంత్రం లైటు పెట్టుకుని వేస్తే చేపల చెరువుల మీది పురుగులన్నీ వచ్చి తడి రంగుకి అంటుకున్నాయి. ఒళ్లు మండి, ఉప్పుకాగితంతో తలుపు గట్టిగా రుద్దితే పుట్టీ పెచ్చులుగా ఊడింది. దాని కింద అరచేతులంత సొట్టలు. నాకు తెలియకుండా ఎక్కడ పూయించారు?

నేను డ్రైవింగ్ నేర్చుకుంటూ ఉంగుటూరు కాలవగట్టు మీద ఒక్క గీత పడేలా చేస్తే ఏమన్నారు? “ఇన్నేళ్లలో నా చేతిలో దీనికి గీత కూడా పడలేదే. నీకెందుకీ డ్రైవింగ్?” అన్నారు. మళ్లీ తాళం ఇవ్వలేదు.

ఆ సొట్టలు నేను పూడ్చలేదండీ. వాటి మీదే రంగేశాను, ఊరంతా చూడనీ. రేపు ఏలూరుకి నేనే నడుపుకుంటూ వెళ్తున్నాను. పక్క సీట్లో కూర్చుని తిట్టడానికైనా ఉండాల్సింది మీరు.