యాంటెన్నా ఇళ్లు లేవని రాశాను

ఫిబ్రవరి 9, 2009
పైనుంచి కాగితం. మా రిలే కేంద్రం టీవీ ప్రసారానికి వాడే ఫ్రీక్వెన్సీ మొబైల్ ఇంటర్నెట్‌కు కావాలట. కార్వేటినగరం చుట్టుపక్కల ఇంకా యాంటెన్నాతో టీవీ చూసే ఇళ్లు ఎన్నో తిరిగి చూసి రాయాలి.

ఫిబ్రవరి 12
నాలుగు ఊళ్లు తిరిగాను. అంతా కేబులే.

ఫిబ్రవరి 15, ఆదివారం
కొండ కింది పల్లె. కేబుల్ తీగ ఇక్కడిదాకా రాలేదు. ఇంటింటికీ యాంటెన్నా. చెరకు కొట్టే మునిరత్నం ఇంట్లో కూర్చున్నాను. పదేళ్ల కూతురు రేవతికి పుట్టుచెవుడు. టీవీలో చెవిటివాళ్ల కోసం వచ్చే వార్తలు చూస్తోంది. అందులో సైగలతో వార్తలు చెప్పే ఆవిడ చేతులు ఎలా కదిలితే ఈ పిల్ల చేతులూ అలాగే...
"బడిలో యెవురూ నేర్పలేదు సార్. దీంట్లో సూసే నేర్సుకునింది. నాకూ నేర్పించింది."
తండ్రి చేతులతో ఏదో అన్నాడు. పిల్ల నన్ను చూసి నవ్వింది.

ఫిబ్రవరి 16
తిరుపతిలోని పెద్ద ఇంజనీరుకు ఫోన్ చేసి ఆ పల్లె సంగతి చెప్పాను.
"లేవని రాసేయప్పా. ఒక్క పల్లె కోసం అంతా ఆపుతారా? రిటైరయ్యే ముందు నీకెందుకీ రచ్చ?"

ఫిబ్రవరి 17
లేవని రాశాను. సంతకం పెట్టాను.

మే 4
ప్రసారం ఆపమని ఆర్డరు. స్విచ్ నేనే ఆపాను. ఇరవై రెండేళ్లుగా వింటున్న యంత్రం హోరు— లేదు.

మే 10, ఆదివారం
మునిరత్నం రేవతిని సైకిల్ మీద ఎక్కించుకుని కేంద్రానికే వచ్చాడు.
"బొమ్మ రాలేదు సార్. యాంటెన్నా అన్ని పక్కలా తిప్పినాను. మా కాడేమన్నా తప్పుండాదా?"
లేదన్నాను.
"మల్లా యెప్పుడొస్తాది?"
రేవతి నా నోటికేసే చూస్తోంది. రాదు అనలేకపోయాను. చూద్దాంలే అన్నాను. అతను ఆ మాట కూతురికి చేతులతో చెప్పాడు. పిల్ల నమ్మింది. తల ఊపింది.

మే 12
నా రిపోర్టు అబద్ధమని రాసి, పల్లె పేరుతో సహా పై ఆఫీసుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను.
"అప్పుడు నోరు మూసుకుని, ఇప్పుడా?" అంది నా భార్య సుజాత. కోపం కాదు. భయం.

మే 27
జవాబు లేదు.

జూన్ 3
పొద్దున టవర్ మీది యాంటెన్నా దింపడానికి మనుషులు వచ్చారు. వాళ్లు పైకెక్కుతుండగానే పెద్ద ఇంజనీరు ఫోన్.
"రెండు కాగితాలూ నా ముందరే ఉండాయి. యేది నిజమప్పా?"
రెండోది అన్నాను.
"అట్లయితే మొదటిదాంట్లో సంతకం యెవురిది?"
నాదే.
"సోమవారం వచ్చి, అబద్ధం రాసింది నువ్వేనని రాసియ్యి."
రాసిస్తే ప్రసారం మళ్లీ ఇస్తారా అని అడిగాను. ఫోన్ పెట్టేశారు.
బయట బోల్టులు విప్పుతూనే ఉన్నారు.