మల్లమ్మ పేరున టికెట్

బుధవారం, రాత్రి

రేపు అత్తమ్మను మొదటిసారి విమానం ఎక్కించి కాశీకి తీసుకెళ్తున్నాను. సాయంత్రం బ్యాగు సర్దుతూ ఆవిడ ఆధార్ కార్డు చూశాను. కార్డులో పేరు మల్లమ్మ. నేను తీసిన టికెట్‌లో లక్ష్మి. పేర్లు కలవకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు. ముందే కార్డు చూసి టికెట్ తీయడానికి నాకేం రోగం!

"మా అత్త పేరు గూడ మల్లమ్మనే బిడ్డా. కోడల్ని ఆ పేరుతోటి ఎట్ల పిలుస్తరు? గందుకే పెండ్లయి నాచారం వచ్చిననాడే లక్ష్మి అని మార్చిన్రు," అంది అత్తమ్మ తాపీగా.

పన్నెండేళ్లుగా ఈ ఇంటి కోడలిని. నాకీ సంగతే తెలియదు.

ఉప్పల్‌లోని ట్రావెల్స్ ఆఫీసుకు వెళ్లి, పాత టికెట్ రద్దు చేయించి, మల్లమ్మ పేరున కొత్తది తీసుకొచ్చాను.

"రేపు గేటుకాడ మల్లమ్మ అని పిలిస్తే పలకాలె, మర్వకు అత్తమ్మా."

"మా అమ్మ పోయినంక ఆ పేరుతోటి పిలిచేటోళ్లే లేరు. జర నువ్వు పిలువు, సూస్త."

అత్తగారిని పేరు పెట్టి పిలవడమా? నోరు రాలేదు. చివరికి వంటింట్లోకి వెళ్లి, ఆవిడకు కనబడకుండా నిలబడి, "మల్లమ్మా!" అని కేకేశాను.

"వస్తున్ననే అమ్మా!" అంది.