అత్త వైపు గోడ

అల్మాతీ,
ఆదివారం.

కరగందాలో ఉన్న అమ్మకు మోల్దిర్ సలాం చేసి రాయునది. ఇక్కడ నేనూ, ఎర్నారూ, దుమ్ము కొట్టుకుపోయిన నీ పూలకుండీలూ క్షేమం. పెద్దమ్మ కంటి కట్టు విప్పారా? చూపు ఎలా ఉందో రాయి.

ముందు ఇంటి మరమ్మతుల గురించి నువ్వడిగినవాటికి జవాబులు. పైకప్పు అంచున ఉన్న సున్నపు పూలను పాడుచేయలేదు. పాత పూత గీకేస్తే ఇప్పుడు రేకులు కూడా కనిపిస్తున్నాయి. ఓక్ చెక్క నేలను నునుపు చేశారు. నీ ఇనుప స్నానాల తొట్టి మాత్రం వెళ్లిపోయింది, తిట్టుకో. కొత్త పొయ్యికి మంట లేదు, గాజుపలక మీదే నీళ్లు మరుగుతాయి. నీ అల్లుడు ఎర్నార్ రోజూ దాన్ని తుడిచి మురిసిపోతున్నాడు. "ఈ ముసలి భవనంలో మన ఇల్లే పెళ్లికూతురు" అంటాడు.

ఇక ఫోనులో చెబితే సగంలో పెట్టేస్తావని రాస్తున్న సంగతి. చించకుండా చివరిదాకా చదువు.

పోయిన నెల వంటింట్లో పైపుల కోసం గోడ తొలుస్తుంటే అవతల నుంచి టకటకా కొట్టడం మొదలైంది. నాన్న పోయాక ఆయన చెల్లెలి వాటాకీ మనకీ మధ్య ఉన్న ద్వారం నువ్వు ఇటుకలతో మూయించినప్పటి నుంచీ కుల్యాష్ అత్త పెరటి మెట్ల వైపు నుంచే తిరుగుతోంది కదా. మన చప్పుడు భరించలేక కొడుతోందనుకుని నేనూ సుత్తితో ఎదురు కొట్టాను. మేస్త్రీ రుస్తెం యంత్రం ఆపాడు. టకటక ఆగలేదు.

"అక్కా, ఇది గొడవకొచ్చే చప్పుడు కాదు. నేల దగ్గర్నుంచి వస్తోంది" అన్నాడు.

"అత్తా!" అని గోడకు నోరు ఆనించి అరిచాను. మూలుగు వినిపించింది. ఎర్నార్ పెరటి వైపు పరుగెత్తాడు. ఇనుప తలుపు, లోపల గడియ. "గోడే పగలగొట్టు" అన్నాను రుస్తెంతో. ఇటుకలు ఊడుతుంటే నువ్వు పక్కనే నిలబడి చూస్తున్నట్టు అనిపించిందమ్మా.

అత్త నేల మీద పడి ఉంది, చేతిలో గరిటె. తుంటి విరిగింది. నన్ను చూసి ఏమందో తెలుసా? "ఈ గోడ కట్టించడానికి మీ అమ్మకి ఒక్క పూట పట్టిందే. పడగొట్టడానికి నా తుంటి విరగాల్సొచ్చింది." నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

ఆపరేషన్ అయింది. ఇన్నాళ్లూ నీ దగ్గర దాచింది ఇది: ఆమె ఇప్పుడు నీ గదిలో ఉంది. నీ మంచం మీదే.

నిన్న సూప్ తాగిస్తుంటే చెంచా పక్కకు నెట్టి, "మీ నాన్న పోయిన రోజు పొద్దున గుండె నొప్పంటూ మొదట నా దగ్గరికే వచ్చాడే. టీ తాగి పడుకో, తగ్గుతుందన్నది నేనే. డాక్టర్ని పిలవకుండా మా అన్నని చంపుకున్నావని అందరి ముందూ మీ అమ్మని అన్నదీ నేనే. నాకు తగలాల్సిన మాట. మోయలేక ఆమె మీద పడేశాను" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. గిన్నె పట్టుకుని వంటింట్లోకి వచ్చేశాను. తర్వాత సూప్ మళ్లీ వేడి చేసి తీసుకెళ్లాను. ఇంకేం చెయ్యాలో తెలియలేదమ్మా.

"అమ్మకి ఉత్తరం రాస్తున్నా, ఏమైనా చెప్పనా?" అంటే, "రమ్మను. ముఖం మీదే తిట్టమను. నడవగలిగితే నేనే వెళ్లేదాన్ని" అంది.

ఆ ఖాళీలో తలుపు పెట్టిస్తున్నాను. పొద్దున రుస్తెం అడిగాడు, "గడియ ఏ వైపు పెట్టనక్కా?" నేను జవాబిచ్చేలోపే నీ గదిలోంచి అత్త అరిచింది.

"మీ వైపే పెట్టించు! తియ్యాలో వద్దో మా వదిన చూసుకుంటుంది."

ఇట్లు,
నీ రాక కోసం చూస్తున్న కూతురు,
మోల్దిర్